సర్కారు కొలువులో విలన్లు

ముల్లును ముల్లుతోనే తీయాలన్న మాటను అమెరికన్ కామిక్స్ అక్షరాలా పాటించాయి. జైల్లో మగ్గుతున్న విలన్లను ప్రభుత్వమే గుట్టుగా బయటికి తీసి, ప్రాణాలతో తిరిగిరావడం కష్టమనిపించే పనులకు పంపుతుంది. పని ముగించుకొని వస్తే శిక్ష తగ్గుతుంది. చస్తే వాళ్లెవరో తెలియదంటుంది. డీసీ కామిక్స్ ‘సూయిసైడ్ స్క్వాడ్’ ఈ పునాది మీదే నడుస్తుంది.

ఈ పేరుతో 1959లో వచ్చిన మొదటి జట్టులో ఒక్క విలనూ లేడు! రచయిత రాబర్ట్ కానిగర్, చిత్రకారుడు రాస్ ఆండ్రూ సృష్టించిన ఆ నలుగురూ రాకాసి బల్లులతో, వింత జీవాలతో తలపడిన మంచివాళ్లే. ఖైదీలను తెచ్చింది రచయిత జాన్ ఆస్ట్రాండర్. శిక్షపడ్డ సైనికులను శత్రువు మీదికి పంపే ‘ది డర్టీ డజన్’ (1967) సినిమా ఆయనకు ప్రేరణ. 1987లో మొదలైన ఆయన పత్రిక 1992 దాకా 66 సంచికలు నడిచింది.

విలన్లకు సర్కారీ ఉద్యోగమిచ్చిన ఘనత మాత్రం డీసీకి పోటీ సంస్థ మార్వెల్‌కే ముందు దక్కింది. 1985లో ‘ఎక్స్‌మెన్’ కథల్లోని మిస్టిక్ తన ముఠాతో సహా ప్రభుత్వం పక్షాన చేరింది. ఆ జట్టు పేరు ‘ఫ్రీడమ్ ఫోర్స్’.

స్క్వాడ్‌లో అందరికన్నా భయపెట్టే మనిషికి ఏ అతీత శక్తీ లేదు. ఆమె జట్టును నడిపే అమాండా వాలర్. షికాగో పేదల వాడలో భర్తనూ ఇద్దరు పిల్లలనూ హత్యల్లో పోగొట్టుకొని, మిగిలిన పిల్లలను పెంచి, చదువుకొని పైకొచ్చిన నల్లజాతి మహిళ. పదో సంచికలో బ్యాట్‌మ్యాన్ మారువేషంలో ఆమె జైల్లోకి చొరబడి, గుట్టు బయటపెడతానని బెదిరిస్తాడు. వాలర్ బెదరదు. నీ వేలిముద్రలు మా దగ్గర పడ్డాయి, నువ్వెవరో కనుక్కోవడం ఎంతసేపు అంటుంది. బ్యాట్‌మ్యాన్ వెనక్కి తగ్గాల్సి వస్తుంది. అధికారం చేతిలో ఉన్నవాళ్లు ఎలా మాట్లాడతారో ఇంతకన్నా సూటిగా చెప్పిన కామిక్ దృశ్యం నాకు కనిపించలేదు.

ఖైదీలు పారిపోకుండా చేతికి బాంబు కడియం తొడిగేవారు. అది ఉత్తుత్తిదేమో చూద్దామని కెప్టెన్ బూమరాంగ్ ఎగదోస్తే, నమ్మిన తోటి ఖైదీ స్లిప్‌నాట్ చెయ్యి పోగొట్టుకున్నాడు. సినిమాలకొచ్చేసరికి బాంబు ఒంట్లోకి మారింది. 2021 సినిమాలో ఆ బాంబు ఎక్కించే డాక్టరుగా కనిపించేది స్వయంగా ఆస్ట్రాండరే!

ఈ జట్టు పేరు చెబితే నేటి కుర్రకారుకు ముందు గుర్తొచ్చే హార్లీ క్విన్ 1987లో ఇంకా పుట్టనే లేదు. 1992లో బ్యాట్‌మ్యాన్ యానిమేషన్ సీరియల్‌తో వచ్చి, 2011లో స్క్వాడ్‌లో చేరింది.

ప్రభుత్వం ఖైదీల సాయం తీసుకోవడం నిజజీవితంలోనూ జరిగింది. 30 నుంచి 50 ఏళ్ల శిక్ష పడిన మాఫియా నాయకుడు లక్కీ లూసియానో సాయాన్ని, రెండో ప్రపంచయుద్ధంలో న్యూయార్క్ రేవుల కాపలా కోసం అమెరికా నౌకాదళం తీసుకుంది. 1946లో అతని శిక్ష తగ్గించి ఇటలీకి పంపేసిన గవర్నర్ థామస్ డ్యూయీ, అంతకు పదేళ్ల ముందు ప్రాసిక్యూటరుగా అతన్ని జైలుకు పంపినవాడే.

మళ్లీ కామిక్స్‌కొస్తే, స్క్వాడ్ కోసం ఆస్ట్రాండర్ ఎంచుకున్నవాళ్లలో చాలామంది మూలనపడ్డ పాత్రలు. డెడ్‌షాట్ సంగతే చూడండి. 1950లో ఒకసారి కనిపించి, మళ్లీ 1977 దాకా లేడు. స్క్వాడ్‌లో అతనిదో మరచిపోలేని ఘట్టం ఉంది. ఒక సెనెటర్‌ను చంపడానికి బయలుదేరిన జట్టు నాయకుడు రిక్ ఫ్లాగ్‌ను ఆపమని పంపితే, ఫ్లాగ్ ఆ హత్య చేయకూడదు కదా అని సెనెటర్‌ను తానే కాల్చేస్తాడు.

విలన్లనే కాదు, వదిలేసిన ఒక వీరవనితనూ ఈ పత్రికే నిలబెట్టింది. 1988లో ‘ది కిల్లింగ్ జోక్’లో జోకర్ తుపాకీ గుండుకు బ్యాట్‌గర్ల్ బార్బరా గోర్డన్ నడక పోయింది. ఆ కథలో ఆమెకు అంతకుమించి పనిలేదు. ఆస్ట్రాండర్‌కూ, ఆయన భార్య, రచయిత్రి కిమ్ యేల్‌కూ అది మింగుడుపడలేదు. 1989లో 23వ సంచికలో ‘ఆరకిల్’ అనే పేరుతో కంప్యూటర్ ముందు కూర్చున్న అజ్ఞాత సహాయకురాలిగా ఆమెను తెచ్చారు. ఆమె బార్బరానే అన్న సంగతి తర్వాతి సంచికల్లో బయటపడింది. 2011 దాకా, ఇరవై ఏళ్లకు పైగా, చక్రాల కుర్చీలోంచే బ్యాట్‌మ్యాన్‌తో సహా డీసీ వీరులకు కావలసిన సమాచారమంతా అందిస్తూ వచ్చింది.