పార్లర్ ఉద్యోగం, ముఖం మీది దిగులు

బ్యూటీషియన్ కోర్సు పూర్తిచేసి కూడా పార్లర్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టడానికి వెనుకాడే ఆడపిల్లలను మేము ఎరుగుదుము. “నేను నల్లగా ఉన్నాను, బుగ్గల నిండా మొటిమలు. నాలాంటిదానికి ఎవరు ముఖం అప్పగిస్తారు?” అన్నది వారి దిగులు. ఇది వట్టి అపోహ అని మేము అనము. రంగు చూసి తిప్పిపంపే యజమానులు లేకపోలేదు. 1975లో వచ్చిన ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ తన పేరులోని ‘ఫెయిర్’ను వదులుకున్నది 2020లోనే కదా!

మమ్మల్ని కలవరపరిచేది ఇంటర్వ్యూకు ముందు జరిగే పని. అల్లాహ్ ప్రసాదించిన రంగును పక్షం రోజుల్లో మార్చాలని, డాక్టరు చీటీ లేకుండానే ట్యూబు కొని పూసుకుంటారు. తల్లులారా, ఆ ట్యూబుపై ముద్రించిన పేర్లు చదవండి. బెటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ అని ఉంటే అవి స్టెరాయిడ్లు. మొదట ముఖం నిగనిగలాడుతుంది, ఇంట్లోవారు మురిసిపోతారు. వాడేకొద్దీ చర్మం పలుచబడుతుంది, మొటిమలు పెరుగుతాయి, వెంట్రుకలు మొలుస్తాయి. మానితే ముఖం ఎర్రబడి మండుతుంది. ఆ మంటకు తాళలేక మళ్లీ పూస్తారు. ఇప్పటికే చాలాకాలంగా వాడుతున్నవారు తమంతట తాము ఆపక చర్మవైద్యుణ్ణి కలవడం మేలు.

పార్లర్‌లో అన్నం పెట్టేవి చేతులు. త్రెడింగ్ దారం ఒడుపుగా నడపాలి. ఒకరికి వాడిన పరికరం శుభ్రపరచకుండా మరొకరికి వాడకూడదు. జుట్టుకు రంగు వేసేముందు చెవి వెనుక కాస్త రాసి, రెండు రోజులు ఆగి చూడమని కస్టమరుకు చెప్పగలగాలి. ఇంటర్వ్యూలో ఫొటో కంటే ముందు ఈ పని చేసి చూపిస్తానని అడగవచ్చు. పైగా మొటిమల బాధ పడిన పిల్లకు, అవి ఉన్నచోట గట్టిగా రుద్దకూడదని వేరొకరు నేర్పనక్కరలేదు.