మీకు తెలుసా? తొలి 512 బైట్ల మహిమ

జగిత్యాలలోనో కోరుట్లలోనో ఒక పాత కంప్యూటరు మీట నొక్కినంతనే, మదర్‌బోర్డునందలి బయాస్ అను ప్రారంభ ప్రోగ్రాము తొలుత మెమరీని, కీబోర్డును పరీక్షించి, పిమ్మట హార్డుడిస్కు మొదటి సెక్టారునందలి 512 బైట్లను మాత్రమే మెమరీలోనికి తెచ్చి, అధికారమును వానికి అప్పగించును. అందు ఆపరేటింగ్ సిస్టమును మెమరీలోనికి తెచ్చు బూట్‌లోడరు ఆదేశములకు దక్కునవి 446 బైట్లే. 64 బైట్లు విభాగముల పట్టికకు పోగా, కడపటి రెండును ముద్ర. అది లేని డిస్కును బయాస్ సాధారణముగా తిరస్కరించును. ఇంతటి ఇరుకున సమస్తమును నిర్వహింప నలవిగాదు గనుక, ఆ చిరుభాగము తనకంటె పెద్దదైన బూట్‌లోడరు భాగమును పిలువగా, అది ఆపరేటింగ్ సిస్టమునకు గుండెకాయయైన కెర్నెలును మేల్కొలుపును. ఈ పొదుపు నిజముగా అద్భుతము! సిరిసిల్ల మరమగ్గముపై పడుగు అమర్చనిదే పేక నడువనట్లు, ఈ క్రమము తప్పినచో, తెలుగువారు డెబియన్ ఆధారముగా రూపొందించిన ‘స్వేచ్ఛ’ ఆపరేటింగ్ సిస్టమైనను తెరపైకి రాజాలదు. అయితే, బయాస్ స్థానమున వచ్చిన యూఈఎఫ్ఐ గల నేటి యంత్రములు బూట్‌లోడరును ప్రత్యేక విభాగమందలి ఫైలుగా చదువుచున్నవి.