మాట్లాడని గురువు

పిల్లలూ! మీ మోచేయి ఎప్పుడైనా బల్ల అంచుకు తగిలిందా? చిటికెన వేలి దాకా జివ్వుమని ఉంటుంది. ఎముకకు దెబ్బ తగిలిందనుకుంటాం. కాదు! మోచేయి వెనుక, లోపలి పక్కన, ఎముక గాడిలో, చర్మానికి కొంచెం అడుగునే ఒక నరం పోతున్నది. దాని పేరు అల్నార్ నరం. చిటికెన వేలికీ, ఉంగరపు వేలిలో సగానికీ స్పర్శ తెలిపేది అదే.

వైద్య విద్యార్థి ఈ నరాన్ని పుస్తకంలో బొమ్మగా చూసి ఊరుకోడు. కళ్ళారా చూస్తాడు. ఎక్కడో చెబుతాను, వినండి.

మన వరంగల్లులో 1959లో కాకతీయ వైద్య కళాశాల వెలిసింది. ఎం.బి.బి.ఎస్. చదువు నాలుగున్నర ఏళ్ళు. ఆపైన ఒక ఏడు ఆసుపత్రిలో హౌస్ సర్జన్ పని. నీట్ పరీక్ష తెలుగులో రాయవచ్చు గాని, కాలేజీలో పాఠాలు ఇంగ్లీషులోనే. మొదటి ఏడు అనాటమీ, అంటే శరీర నిర్మాణ శాస్త్రం, నేర్చుకోవాలి. దానికి ప్రొఫెసర్లు కాక ఇంకొక గురువు ఉంటారు. బల్లమీద పడుకొని ఉంటారు. ఒక్క మాటైనా మాట్లాడరు. అది చనిపోయిన మనిషి దేహం.

దేహం చెడిపోకుండా రక్తనాళంలోకి ఫార్మలిన్ ఎక్కిస్తారు. ఆ ఘాటుకు కళ్ళవెంట నీళ్ళు కారుతాయి. ఇదేమీ తెలియని కాలంలో మన సుశ్రుతుడు ఏం చేయమన్నాడో తెలుసా? దేహాన్ని గడ్డితో చుట్టి, పంజరంలో ఉంచి, పారే నీటిలో ఏడు రాత్రులు నాననిచ్చి, ఆ తరువాత కుంచెతో మెల్లగా రుద్దుతూ పొర వెంట పొర చూడమన్నాడు!

ఈ గురువులు ఎక్కడినుంచి వస్తారు? కొందరు నా అన్నవారు లేక పోయినవారు. మరికొందరు బతికుండగానే తమ దేహాన్ని కాలేజీకి రాసి యిచ్చినవారు. అయితే కాగితం ఒక్కటే చాలదు. పోయిన మనిషి కబురు చేయలేడు కదా! ఏడుస్తూనే ఇంటివారు కాలేజీకి కబురు పంపాలి, చితి పేర్చకుండా అప్పగించాలి. పెద్దలు ఈ మాట ముందే ఇంట్లో చెప్పి ఉంచడం మంచిది.

నా శిష్యుడొకడు డాక్టరీలో చేరి, మొదటి సెలవులకు వచ్చి నన్ను చూశాడు. "భయమేసిందా?" అని అడిగాను.

"మొదటి రోజు కళ్ళు మూసుకున్నాను సార్. తరువాత మోచేయి దగ్గర నరం వెతకమన్నారు. తెల్లటి దారంలా దొరికింది. దాని వెంటే అరచేతి దాకా వెళ్ళాను. ఆ చేతినిండా కాయలు కాసి ఉన్నాయి సార్. మా నాయన చేతికి ఉన్నట్టే," అన్నాడు.