నీరటి పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారు?

మీ ఊళ్లో చెరువు ఉందా? అది నిండి మత్తడి దూకితే ఆ నీళ్లు ఎటు పోతాయో చెప్పగలరా? నీటి రంగంలో కొలువు చేయాలనుకుంటే ముందు దీనికి జవాబు వెతుక్కోండి.

కాకతీయుల నాటి రామప్ప, పాకాల చెరువులు దాదాపు 800 ఏళ్ల తర్వాత కూడా పొలాలకు నీళ్లిస్తున్నాయి. తెలంగాణ, రాయలసీమల్లో చాలా భాగం రాతి నేల. గట్టిగా వానలు పడేది నాలుగు నెలలే. అందుకే పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండేలా గొలుసుకట్టుగా కట్టారు. కట్టడం ఒక ఎత్తయితే, పంచడం మరో ఎత్తు. ఆ పని నీరటిది. కొన్నిచోట్ల నీరుకట్టు అంటారు. తూము తీసేదీ మూసేదీ, ఏ మడికి ఎప్పుడు నీళ్లు పోవాలో చూసేదీ ఆయనే. కోతలయ్యాక రైతులు ధాన్యం కొలిచి ఇచ్చేవాళ్లు.

కరెంటు మోటార్లు, బోర్లు వచ్చాక లెక్క మారింది. ఎవరి నీళ్లు వాళ్లవే. చెరువులో నీళ్లు తగ్గితే ఊరంతా చూస్తుంది. రాతి పగుళ్లలో తగ్గితే బోరు ఎత్తిపోయేదాకా తెలీదు. పక్క చేనులో ఇంకో బోరు లోతుగా పడితే మన బోరు ఎండిపోవచ్చు కూడా. 2015లో తెలంగాణ ప్రభుత్వం మిషన్ కాకతీయ పేరుతో 46 వేలకు పైగా చెరువుల బాగుకు పూనుకుంది. పూడిక మట్టిని రైతులు పొలాలకు తోలుకున్నారు. చెరువులైతే బాగయ్యాయి గానీ, నీళ్లు పంచే ఆ పాత పద్ధతి చాలాచోట్ల తిరిగి రాలేదు.

నీరటి పని ఇప్పుడు ముక్కలై రకరకాల ఉద్యోగాల్లో ఉంది. సివిల్ వాళ్లకు నీటిపారుదల శాఖ ఏఈ పోస్టులు ఎలాగూ తెలిసినవే. జియాలజీలో పీజీ చేసినవాళ్లు మాత్రం యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్షను వదులుకోవద్దు. ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ దాటితే కేంద్ర భూగర్భ జల మండలిలో హైడ్రోజియాలజీ సైంటిస్టు కావచ్చు. ఆఫీసు కుర్చీ ఉద్యోగమే అనుకోకండి. ఆ సంస్థ ఏడాదికి నాలుగుసార్లు బావుల్లో నీటిమట్టం కొలుస్తుంది. అందులో ఒకటి నడి వేసవిలో! గేట్ రాసి ఎంటెక్ చేయాలనుకుంటే హైదరాబాద్ జేఎన్‌టీయూలో జల వనరులు, ఐఐటీ రూర్కీలో హైడ్రాలజీ ఉన్నాయి.

డిగ్రీ ఏదైనా మ్యాపులు చేయడం వస్తే వాటర్‌షెడ్ ప్రాజెక్టుల్లో పనికొస్తుంది. క్యూజీఐఎస్ ఉచితం. ఇస్రో వారి భువన్, ఇండియా-వ్రిస్ పోర్టళ్లలో సమాచారమూ ఉచితమే. మొదటి ప్రాజెక్టుగా మీ ఊరి చెరువునే తీసుకోండి. మ్యాపులో గీసిన కాలువ నేల మీద ఉందో లేదో నడిచి చూడండి. కొన్నిచోట్ల దాని మీద ప్లాట్లు లేచి ఉంటాయి. ఒకప్పుడు నీరటిగా చేసిన పెద్దాయన ఊళ్లో ఉంటే వెంట తీసుకెళ్లండి. కాలువ ఎక్కడ మలుపు తిరిగేదో ఆయన చూపిస్తారు.