కల్తీ చేస్తేనే కూలెంటు

ఖమ్మం నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం పది రోజులుగా నా బల్ల మీదే ఉంది. ఆయన ఓ ఆదివారం ఇంటి ముందే కూర్చుని కారులో కూలెంటు మార్చుకున్నారు. డబ్బా మీద సగం నీళ్లు, సగం కూలెంటు కలపమని రాసి ఉంది. ‘పాలలో నీళ్లు పోస్తున్నాడని పాలవాడితో రోజూ గొడవపడే మనిషిని, నా చేత్తో నేనే కల్తీ ఎలా చేసుకుంటానండీ?’ అంటారాయన. అందుకని చుక్క నీరు కలపకుండా అచ్చమైన కూలెంటే పోశారు. ఖర్చు రెట్టింపయింది. టెంపరేచర్ ముల్లు మాత్రం మునుపెన్నడూ లేనంత పైకి పోతోంది. మంచి సరుకు పోస్తే బండి ఎందుకు అలిగిందని ఆయన ప్రశ్న.

ఈ నెల వేరే విషయం రాస్తానని సంపాదకుడికి మాటిచ్చాను. మాట తప్పుతున్నాను. ఇలాంటి ప్రశ్న చేతికొచ్చాక వదిలిపెట్టడం నా వల్ల కాదు. దీని జవాబు దోసెల పెనం దగ్గర మొదలై, ఒక యుద్ధవిమానం మీదుగా తిరిగి, ఖమ్మం చేరుతుంది.

ముందు ప్రాథమిక పాఠం గబగబా ముగిద్దాం. పెట్రోలు మండితే వచ్చే శక్తిలో ఉజ్జాయింపుగా మూడో వంతు పనిచేస్తుంది, మూడో వంతు సైలెన్సర్లోంచి పోతుంది, మిగిలింది ఇంజిన్ లోహానికి అంటుకుంటుంది. సిలిండర్లో మంట 2000 డిగ్రీలు దాటుతుంది. దాన్ని పొదువుకుని ఉన్న అల్యూమినియం 660 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. అందుకే ఇంజిన్ గోడల్లో కాలవలు తీసి, వాటిలో పంపుతో ద్రవాన్ని తిప్పి, ఆ వేడిని రేడియేటర్ దగ్గర గాలికి వదిలేస్తారు. డబ్బాలో అమ్మే చిక్కటి కూలెంటు ముప్పాతికకు పైగా ఇథిలీన్ గ్లైకాల్. తక్కినది తుప్పు పట్టనివ్వని మందులు, కాస్త రంగు. పాఠం అయిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. వేడిని మోయడంలో గ్లైకాల్ నీటికన్నా తీసికట్టు. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించాలంటే 4.2 కిలోజౌళ్లు కావాలి, గ్లైకాల్‌కి 2.4 చాలు. అంటే అదే బరువుకి అది తీసుకెళ్లే వేడి దాదాపు సగమే. లోహం దగ్గర అందుకున్న వేడిని తన ఒళ్లంతా పంచుకోవడంలో నీటికున్న చురుకులో సగం కూడా దానికి లేదు. పైగా చిక్కన. మామూలు వేడిలో నీటికన్నా 18 రెట్లు చిక్కన కాబట్టి పంపుకీ శ్రమే. కూలెంటు అనే పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, చల్లబరచడం దాని ప్రధాన ప్రతిభ కానే కాదు. ఆ ప్రతిభ నీటిది. మరి గ్లైకాల్ దేనికి? దానికి పెనం దగ్గరికి వెళ్లాలి.

దోసె పోసే ముందు పెనం మీద నాలుగు చుక్కలు చిలకరిస్తాం. సరిగ్గా కాగితే చుయ్‌మని క్షణంలో ఆవిరైపోతాయి. పొరపాటున ఫోను మోగి, పెనం మరీ కాగిపోయిందనుకోండి. అప్పుడు చుక్కలు చుయ్‌మనవు. ముత్యాల్లా గుండ్రంగా మారి, పెనమంతా దొర్లుతూ, చాలాసేపు బతికే ఉంటాయి. పెనం ఎక్కువ వేడిగా ఉంటే నీరు తక్కువ వేగంగా ఆవిరవుతోందన్నమాట. మన అమ్మమ్మలందరూ చూసిన వింతే ఇది. జర్మన్ వైద్యుడు యోహాన్ లైడెన్‌ఫ్రాస్ట్ 1756లో దీన్ని పుస్తకానికి ఎక్కించాడు. చుక్క కింది భాగం తాకీ తాకగానే ఆవిరై పలచని పొరగా ఏర్పడుతుంది. ఆ ఆవిరి పరుపు మీద చుక్క తేలుతుంది. ఆవిరి వేడిని సరిగా దాటనివ్వదు కాబట్టి చుక్కకు పెనం వేడి అందదు.

చుక్కలు సరే, లోహమే నీటిలో మునిగి ఉంటే? 1934లో జపాన్‌లోని సెందాయ్‌లో షిరో నుకియామా అనే ఆచార్యుడు నీటిలో సన్నటి లోహపు తీగ ముంచి, దానిలోకి కరెంటు పంపుతూ పోయాడు. మొదట నీరు మౌనంగా వేడెక్కింది. తీగ వేడి నీటి మరుగు స్థానాన్ని కొన్ని డిగ్రీలు దాటగానే దాని ఒంటి మీద చిన్న చిన్న బుడగలు మొలిచాయి. ఇక్కడినుంచే నాకు ఒళ్లు పులకరించే కథ. ప్రతి బుడగా పుడుతూనే లోహం నుంచి గుక్కెడు వేడిని తాగేస్తుంది. ఎందుకంటే మరిగే నీటిని ఆవిరి చేయడానికి కిలోకి 2257 కిలోజౌళ్లు కావాలి. ఒక డిగ్రీ వేడెక్కించడానికి పట్టే దానికి 500 రెట్లు పైమాటే. ఊడి పైకి లేచేటప్పుడు అది తన చోటిని చల్లటి నీటికి అప్పగించిపోతుంది. మళ్లీ బుడగ, మళ్లీ నీరు. వేడిని తోడిపోయడానికి ఇంతకన్నా మంచి ఏతాం ప్రకృతిలో అరుదు. తీగ మరుగు స్థానం మీద ముప్పై డిగ్రీలు పెరిగేసరికి, ఒక చదరపు మీటరు లోహం నుంచి నీరు లాగేసే వేడి 10 లక్షల వాట్లదాకా చేరుతుంది. అంటే 500 గీజర్లు ఒక్కసారి ఆన్ చేసినట్టు!

నుకియామా అక్కడితో ఆగలేదు. కరెంటు ఇంకొంచెం పెంచాడు. బుడగలు కిక్కిరిసి ఒకదానితో ఒకటి కలిసిపోయి, తీగ చుట్టూ ఆవిరి ముసుగు కప్పేశాయి. వేడికి దారి మూసుకుపోయింది. తీగ ఉన్నపళంగా ఎర్రగా కాలింది. నీళ్ల మధ్యలో ఉండి కాలిపోవడమంటే ఇదే. ఆయన పత్రం జపనీస్‌లో ఉండిపోయింది. ఇంగ్లీషులోకి పూర్తిగా వచ్చేసరికి 1966 అయింది. ఈలోగా ప్రపంచం చాలా లోహం కాల్చుకుంది.

ఇప్పుడు మీ కారు ఇంజిన్ హెడ్డులోకి, అంటే సిలిండర్ల పై కప్పులోకి, రండి. ఎగ్జాస్ట్ వాల్వుల మధ్య ఇరుకు సందుల్లో లోహం మిగతా చోట్లకన్నా బాగా కాగుతుంది. కాలవలో పారే ద్రవం 90 డిగ్రీల దగ్గరే ఉన్నా, ఆ గోడను తాకిన పొర మాత్రం మరుగుతుంది. బుడగ పుడుతుంది, వేడి తాగుతుంది, గోడ వదిలి కాస్త ముందుకు రాగానే చుట్టూ ఉన్న చల్లదనానికి చితికిపోయి మళ్లీ నీరవుతుంది. మనం హాయిగా ఏసీ వేసుకుని పోతుంటే హెడ్డులో ఈ పుట్టుకలు, చావులు జరుగుతూ ఉంటాయి. ‘బండి మరిగిపోయింది’ అని రోడ్డు పక్కన నిలబడి బాధపడతాం గానీ, బాగా కష్టపడేటప్పుడు మంచి ఇంజిన్ కూడా లోలోపల కాస్త మరుగుతూనే ఉంటుంది. బుడగ గోడ దగ్గరే పుట్టి అక్కడే చావాలి. ముసుగైతే హెడ్డు వంకర పోతుంది, హెడ్ గాస్కెట్ పోతుంది, మెకానిక్ ఇంటికి కొత్త సోఫా వస్తుంది.

ఆ బుడగల మీద కాపలా కాసేది రేడియేటర్ మూత. దాని మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది. వాతావరణ పీడనానికి పైన దాదాపు మరో వాతావరణం బరువు అది లోపల నిలబెడుతుంది. మన వంటింటి కుక్కర్ వెయిట్ చేసే పనీ ఇదే. కుక్కర్లో నీరు 120 డిగ్రీలదాకా మరగకుండా ఓపిక పట్టి పప్పు ఉడికిస్తుంది. సగం గ్లైకాల్ కలిపిన నీరు మామూలుగానే 107 డిగ్రీలదాకా ఆగుతుంది. మూత బిగిస్తే 129 దాకా. రబ్బరు వాషరు చచ్చిపోయిన మూతతో ఎంత ఖరీదైన కూలెంటు పోసినా, వెయిట్ లేని కుక్కర్లో పప్పు ఉడికించినట్టే.

మా బాబాయికి ఇది తెలియదు. నా చిన్నప్పుడు అరకు ఘాట్‌లో ఆయన పాత టాక్సీ పొగలు కక్కింది. మూత తీస్తే ఆవిరి పోయి చల్లబడుతుందని తువ్వాలు చేతికి చుట్టుకుని తిప్పాడు. మనిషెత్తు ఫౌంటెన్ లేచింది. ముంజేతి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. లెక్క చూడండి: 120 డిగ్రీల నీటి మీద పీడనం తీసేస్తే అది 100కి దిగాలి. ఆ 20 డిగ్రీల వేడి నూటికి దాదాపు నాలుగు పాళ్ల నీటిని అక్కడికక్కడే ఆవిరి చేస్తుంది. వినడానికి కొంచెమే. కానీ ఒక లీటరు నీటి నుంచి 60 లీటర్ల ఆవిరి! మూత తీయడం ఇంజిన్‌కీ మేలు కాదు. పీడనం పడిపోగానే హెడ్డులో కాగిన ప్రతి చోటా ఒక్కసారిగా మరుగు మొదలై ముసుగులు కమ్ముకుంటాయి.

బాబాయిని తప్పుపట్టే ముందు పెద్దవాళ్ల తప్పులూ చెప్పుకోవాలి. 1886 నాటి కార్ల్ బెంజ్ బండిలో నీరు మరిగి గాలిలోకి పోవడమే చల్లబరిచే పద్ధతి. 1888లో ఆయన భార్య బెర్తా ఆ బండి తీసుకుని పుట్టింటికి బయలుదేరినప్పుడు, నీళ్లు కనబడ్డ చోటల్లా ఆగి పోసుకుంటూ వెళ్లింది. మరిగించడం మంచిదే, ఆవిరిని పారేయకుండా పట్టుకుంటే చాలు కదా అని బ్రిటన్‌లో విమానాల వాళ్లకు ఆశ పుట్టింది. 1934లో, నుకియామా తీగ కాల్చిన ఏడాదే, స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం సృష్టికర్త రెజినాల్డ్ మిచెల్ టైప్ 224 అనే విమానం ఎగరేశాడు. ఇంజిన్లో నీటిని మరగనిచ్చి, ఆవిరిని రెక్కల్లో చల్లార్చి, మళ్లీ నీటిని లాగడం పథకం. కానీ అలా దిగిన నీరు మరుగుకి అంచునే ఉంటుంది. పంపు నోట్లో పీడనం కాస్త తగ్గగానే మళ్లీ ఆవిరి. పంపు ఆవిరిని మింగి చేతులెత్తేసేది.

ఇక ఆ గొడవే వద్దని రెండో కొసకు గెంతారు. అచ్చమైన గ్లైకాల్ 197 డిగ్రీలదాకా మరగదు. తొలి స్పిట్‌ఫైర్లలోని రోల్స్‌రాయిస్ మెర్లిన్ ఇంజిన్లలో అదే పోశారు. ఖమ్మం పాఠకుడిగారూ, ధైర్యం తెచ్చుకోండి: మీ తప్పు రోల్స్‌రాయిస్ చేసిన తప్పే. మెర్లిన్ బాగానే ఎగిరింది, యుద్ధమూ చేసింది. కానీ గ్లైకాల్ అంటుకుంటే మండుతుంది. ఇంజిన్ భాగాలు ఎక్కువ వేడి మీద పనిచేసి త్వరగా అరిగేవి. చివరికి మెర్లిన్ 12 అనే నమూనా మొదలుకొని, 70 పాళ్లు నీరు, 30 పాళ్లు గ్లైకాల్ కలిపి, పీడనం కింద బిగించారు. ఇంజిన్ ఆయుష్షు పెరిగింది, మంటల భయం తగ్గింది.

ఎందుకని? 197 డిగ్రీల దగ్గరగానీ మరగని ద్రవం పోస్తే, వాల్వుల దగ్గరి లోహం అంతకన్నా వేడెక్కితేగానీ మొదటి బుడగ పుట్టదు. మనం పొగిడిన ఏతాం మూలన పడుతుంది. ఉన్న దారి ఉత్త పారకమే. అందులోనూ చిక్కటి, మందకొడి ద్రవం. నీళ్లు కలిపారనుకోండి, అసలు చమత్కారం అప్పుడు జరుగుతుంది. ఆ మిశ్రమం మరిగినప్పుడు పుట్టే బుడగలో ఉండేది దాదాపు అంతా నీటి ఆవిరే. గ్లైకాల్ బరువైనది, లేవదు. అంటే మరిగే పని నీరు చేస్తుంది, ఆ నీరు తొందరపడకుండా గ్లైకాల్ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటుంది. గడ్డకట్టే విషయంలోనూ అంతే. నీరు సున్నా దగ్గర గడ్డకడుతుంది, అచ్చమైన గ్లైకాల్ మైనస్ 13 దగ్గర, సగం సగం కలిపితే మైనస్ 37 దాకా గడ్డకట్టదు. లంబసింగి దాటి లద్దాఖ్ వెళ్లాలన్నా కల్తీయే శరణ్యం.

ఇంట్లో ఎలా మార్చాలో కూడా రాయమన్నారు. ఇక్కడా నా బుడగే. రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీదే చెయ్యి వేయండి. పాతది దించి, పాత రంగు పోయేదాకా డిస్టిల్డ్ వాటర్‌తో, అంటే దుకాణంలో అడిగే బ్యాటరీ నీళ్లతో, కడగండి. బోరు నీళ్లు వద్దు. గీజర్ కాయిల్‌కి పట్టే తెల్ల పొరే హెడ్డుకీ పట్టి వేడికి అడ్డుపడుతుంది. కడిగిన నీళ్లు కొన్ని లోపలే ఉండిపోతాయి. అందుకే ముందుగా మాన్యువల్‌లో చెప్పిన మొత్తంలో సగం చిక్కటి కూలెంటు పోసి, తరువాత నీళ్లతో నింపండి. ముందే కలిపి అమ్మే డబ్బాలూ ఉన్నాయి. వాటిలో నీళ్లు పోస్తే అది నిజంగానే కల్తీ.

అసలు ప్రమాదం లోపల ఇరుక్కున్న గాలి. గాలి తిత్తి హెడ్డులో కూర్చుంటే, అక్కడ మరగకుండానే ముసుగు పడ్డట్టు లోహం పొడిగా కాలుతుంది. సెన్సర్ గాలిలో ఉంటే ముల్లు కిందే ఉండి మోసం చేస్తుంది కూడా. మనం ఎన్నడూ ముట్టని హీటరు నాబ్‌ను ఎర్రగీత చివరిదాకా తిప్పి, మూత తీసే ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేయండి. పై హోస్ పైపు వేడెక్కేదాకా, అంటే థర్మోస్టాట్ అనే కవాటం తెరుచుకునేదాకా, చూడండి. కింది పైపును గుడ్డతో నొక్కి వదిలితే గుడగుడమని గాలి లేస్తుంది, మట్టం దిగుతుంది. మళ్లీ పోయండి. గాలి తీసే స్క్రూ విడిగా ఉన్న బళ్లకు మాన్యువల్ చెప్పిన పద్ధతే. ‘మన ఎండలకి థర్మోస్టాట్ ఎందుకు’ అని పీకి పారేసే మెకానిక్‌లతో నాకున్న పాత తగాదా మరో నెల రాస్తాను. రంగు చూసి కూలెంటు కొనే వాళ్లతోనూ అంతే. ఆ రంగులకు అందరూ ఒప్పుకున్న నియమమేదీ లేదు.

ఒక్క మాట మాత్రం నవ్వులాటగా తీసుకోకండి. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, ఒంట్లో చేరితే ఆక్సాలిక్ ఆమ్లంగా మారి మూత్రపిండాలను కొడుతుంది. కొంచెం తాగినా పిల్లలకీ, వీధి కుక్కలకీ ప్రాణాంతకం. నేల మీద ఒలికింది కడగండి, మురుగు కాలవలో పోయకండి.

ఖమ్మం పాఠకుడిగారూ, బండి చల్లారాక సగం దించి, అంతే బ్యాటరీ నీళ్లు పోయండి. దించింది కొత్త సరుకే. డబ్బాకి మూత బిగించి, పేరు రాసి, పిల్లలకు అందకుండా అటక మీద పెట్టండి. మట్టం తగ్గినప్పుడు సమానంగా నీళ్లు కలుపుకుని వాడుకోవచ్చు. పాలవాడితో గొడవ మాత్రం ఆపకండి. ఆ విషయంలో న్యాయం మీ పక్షానే ఉంది.