నెలసరికి ముందటి దినములు

మన భాషలో స్త్రీల ఋతుదినములకు పేళ్లు కొల్లలు. బహిష్టు, ముట్టు, మైల, బయట చేరుట, దూరమగుట, నెలసరి: ఊరికొక మాట, ఇంటికొక మాట. ఆ మూడు దినములలో ఏది తాకరాదో, ఎచ్చట కూర్చుండవలెనో శాసించిన ఆచారము, వానికి ముందు వచ్చు వారము పది దినములకు మాత్రము ఒక పేరైనను పెట్టలేదు. పేరులేని బాధ స్వభావదోషమై తోచును. "దానికి ముక్కు మీద కోపము" అను తీర్పులలో కొన్నియైనను అట్లు పుట్టినవే.

ఆ దినములలో నిన్నటి దాక వదులుగా నున్న గాజు ముంజేతిని పట్టును; రవిక బిగియును; చేయి సోకినంతనే రొమ్ములు సలుపును; పొత్తికడుపు ఉబ్బి, నడుము లాగును. నిద్ర కొందరికి రాదు, కొందరిని విడువదు. ఏదో తీపియో కారమో తినవలెనని నాలుక పీకుచుండును. దేహము పెట్టు బాధ యొక యెత్తు, మనస్సు పెట్టునది యొక యెత్తు. పాలు పొంగిపోయిన మాత్రమున కన్నీరు పొంగును. పిల్లవాడు పలక జారవిడిచినందుకు గట్టిగా కసరి, కసరినందుకు రాత్రియంతయు తానే కుమిలిపోవును. అంతలో ఋతుస్రావము మొదలగును. ఒకటి రెండు దినములలో మబ్బు విడిచినట్లు మనస్సు తెరపినబడును. ఈ తెరపియే వ్యాధిని గుర్తించుటకు ముఖ్యమైన ఆనవాలు.

ఈ బాధను 1931లో న్యూయార్కు వైద్యుడు రాబర్ట్ ఫ్రాంక్ వైద్యపత్రికలో వర్ణించెను. 1953లో ఇంగ్లండున కేథరీనా డాల్టన్, రేమండ్ గ్రీన్ అను వైద్యులు దీనికి ప్రీమెన్‌స్ట్రువల్ సిండ్రోమ్ అని పేరిడిరి. నెలనెలా తన్ను వేధించు పార్శ్వపునొప్పి గర్భము దాల్చినపుడు మాయమగుట గమనించియే డాల్టన్ ఈ పరిశోధనకు పూనుకొనెను.

అండము విడుదలైన పిమ్మట ప్రొజెస్టిరాన్ అను హార్మోను పెరిగి, గర్భము నిలువనిచో సుమారు రెండు వారములలో తగ్గిపోవును. బాధపడు స్త్రీలలో ఇట్టి హార్మోనుల పాళ్లే తప్పినవని చిరకాలము తలచిరి. 1998లో ప్రకటితమైన యొక అమెరికా పరిశోధన ఆ తలంపును తారుమారు చేసెను. పీటర్ ష్మిట్ బృందము అండాశయముల హార్మోనులను మందుతో అణచినపుడు పెక్కండ్రకు బాధ ఉపశమించెను. అట్లు ఉపశమించినవారికి ఆ హార్మోనులను సహజప్రమాణములో తిరిగి ఇచ్చినపుడు బాధయు తిరిగివచ్చెను. ఈ బాధ యెరుగని స్త్రీలకు అవే ఇచ్చినను మనస్సు చలింపలేదు. ఒకే వాన ఇసుక నేలలో ఇంకిపోయి రేగడిలో నిలిచినట్లు, హార్మోను ఒకటే, దానిని అందుకొను మెదడు వేరు.

రక్తపరీక్షతో తేలని ఈ సంగతి గోడ క్యాలెండరుతో తేలును. పాల లెక్క గుర్తుపెట్టుకొను ఆ గడులలోనే, రెండు నెలలపాటు ఏ దినమున ఏ బాధ కలిగినదో వ్రాసికొనవలెను. గుర్తులన్నియు ఋతువునకు ముందు గుమిగూడి, తరువాతి వారము శూన్యముగా నున్నచో అది ఈ బాధయే. నెల పొడవునా పరచుకొన్నచో థైరాయిడ్ లోపమో, రక్తహీనతయో, మనోవ్యాకులతయో వైద్యుడు వెదకవలసియుండును. నడక, నిద్ర కొందరికి మేలుచేయును. దినమునకు 1200 మిల్లీగ్రాముల కాల్షియము బాధను తగ్గించినట్లు 1998 నాటి మరియొక పరిశోధన చూపినది. బ్రతుకును అతలాకుతలము చేయు తీవ్రరూపము వేరు. దానిని అమెరికా మానసిక వైద్యులు 2013లో తమ వ్యాధిపట్టికలో ప్రత్యేకవ్యాధిగా చేర్చిరి. దానికి మెదడులోని సెరటోనిన్ అను రసాయనము‌పై పనిచేయు మందులు కలవు, కొందరు వానిని ఋతువునకు ముందటి రెండు వారములు మాత్రమే వాడుదురు. చావవలెనను తలపు వచ్చినచో క్యాలెండరు నిండువరకు ఆగరాదు. తక్షణమే వైద్యుని చూడవలెను.

పేరు దొరికినది గదా యని మరియొక పొరపాటు చేయరాదు. ఆ దినములలో ఆమె పలికిన ప్రతి మాటయు హార్మోను పలికించినదే యని కొట్టివేయుట, "ముక్కు మీద కోపము" అన్న పాత తీర్పునకు క్రొత్త బట్ట కట్టుటయే. మూడు వారములు దిగమ్రింగిన మాట నాలుగవ వారమున పైకి వచ్చియుండవచ్చును. స్రావము మొదలై, మనస్సు తేలికపడిన పిమ్మట ఆ మాటను ఆమెనే మరల అడుగవలెను. అప్పుడును అదే చెప్పినచో, దిద్దుకొనవలసినది ఇల్లు.