గర్భిణి ఆహారం, బిడ్డ మెదడు, ఆటిజం

"గర్భంతో ఉన్నప్పుడు తినకూడనిది ఏమైనా తిన్నానా డాక్టరుగారూ?" బిడ్డకు ఆటిజం ఉందని తెలియగానే చాలామంది తల్లులు అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఇంట్లో పెద్దలు బొప్పాయి అంటారు, గ్రహణం అంటారు. ఇరుగుపొరుగు పెంపకం సరిగా లేదంటారు. నింద మాత్రం తల్లి మీదే పడుతుంది.

ఇవేవీ కారణాలు కావు. 1943లో అమెరికాలో డాక్టర్ లియో కానర్ 11 మంది పిల్లలలో ఆటిజాన్ని వివరించారు. తల్లి ప్రేమ చూపకపోవడం వల్లే ఇది వస్తుందని ఆ తర్వాత చాలా ఏళ్లు వైద్యులే నమ్మారు. అది తప్పని తేలింది. ఆటిజంలో జన్యువుల పాత్రే ఎక్కువ. 5 దేశాలలో 20 లక్షల మందిని పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనం ఆ పాత్రను సుమారు 80 శాతంగా లెక్కగట్టింది.

మెదడులో ఏం జరుగుతుంది?

మెదడులో మైక్రోగ్లియా అనే రక్షక కణాలుంటాయి. ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు, దెబ్బ తగిలినప్పుడు అవి చురుకవుతాయి. దీన్నే ఇన్‌ఫ్లమేషన్ అంటారు. ఆటిజం ఉండి మరణించిన 11 మంది మెదళ్లను జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు పరీక్షించగా ఈ కణాలు అధికంగా చురుకై కనిపించాయని 2005లో ప్రకటించారు. అయితే ఇది ఆటిజానికి కారణమా, ఫలితమా అన్నది దీనితో తేలలేదు.

గర్భిణికి వచ్చే కొన్ని ఇన్ఫెక్షన్లు బిడ్డ మెదడును దెబ్బతీస్తాయి. 1964లో అమెరికాలో రుబెల్లా ప్రబలింది. గర్భంలోనే ఆ వ్యాధి సోకిన 243 మంది పిల్లలను డాక్టర్ స్టెల్లా చెస్ పరీక్షించి, 18 మందిలో ఆటిజం లేదా దాని లక్షణాలు ఉన్నాయని 1971లో తెలిపారు.

ఆహారం సంగతేమిటి?

నార్వేలో 85,176 మంది పిల్లలపై చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. గర్భం రావడానికి 4 వారాల ముందు నుంచి 8వ వారం దాకా ఫోలిక్ యాసిడ్ వాడిన తల్లుల పిల్లలలో తీవ్రమైన ఆటిజం వెయ్యికి ఒకరిలో, వాడని వారి పిల్లలలో వెయ్యికి ఇద్దరిలో కనిపించింది. ఈ మాత్ర ఆటిజం రాదన్న హామీ కాదు. కానీ బిడ్డ వెన్నెముక లోపాలను ఇది తగ్గిస్తుందన్నది రుజువైన విషయం.

మీరు చేయదగినవి

• గర్భం కోరుకున్నప్పటి నుంచే ఫోలిక్ యాసిడ్ వాడండి. పాలకూర, తోటకూర, పప్పులు, గుడ్డు తినండి.
• రుబెల్లా టీకా గర్భానికి కనీసం నెల ముందే వేయించుకోవాలి. గర్భిణికి వేయరు.
• జ్వరాన్ని అశ్రద్ధ చేయకండి.
• మూర్ఛకు వాల్‌ప్రొయేట్ వాడుతుంటే గర్భానికి ముందే డాక్టరుకు చెప్పండి. ఈ మందు ఆటిజం ముప్పును పెంచుతుంది. అయినా సొంతంగా ఆపకండి.
• పురుగుమందులు, వాహనాల పొగతోనూ ఆటిజానికి సంబంధం ఉండవచ్చని కొన్ని అధ్యయనాలు సూచించాయి. పత్తి, మిరప చేలలో మందు కొట్టేటప్పుడు గర్భిణులు దూరంగా ఉండాలి.
• పిల్లల టీకాలు మానకండి. ఎం.ఎం.ఆర్. టీకాకు ఆటిజంతో ముడిపెట్టిన 1998 నాటి వ్యాసాన్ని లాన్సెట్ పత్రిక 2010లో ఉపసంహరించుకుంది.

ఏడాది నిండినా పేరు పిలిస్తే పలకకపోయినా, వేలితో చూపకపోయినా, వచ్చిన మాటలు పోయినా "నిదానంగా వస్తాయిలే" అని ఊరుకోకండి. పిల్లల డాక్టరుకు చూపించండి. శిక్షణ ఎంత త్వరగా మొదలైతే బిడ్డకు అంత మేలు. ఇక ఆ తల్లిని "ఏం తిన్నావు?" అని అడగడం మానేద్దాం. కాసేపు బిడ్డను ఎత్తుకుంటే ఆమె ఊపిరి తీసుకుంటుంది.